దర్శనం మొగులయ్య: కిన్నెర పాట, రికార్డింగులు

దర్శనం మొగులయ్య తెలంగాణ జానపద గాయకుడు, పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు. జనం ఆయనను కిన్నెర మొగులయ్య అంటారు; పత్రికల్లో మొగిలయ్య అని కూడా కనిపిస్తుంది. ఆయన ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది పాలమూరు అని కూడా పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఉగాది పురస్కారంతో ఆయనను సత్కరించింది. 2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆయన గొంతు తెలుగువాళ్ళందరికీ చేరింది. 2022లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

మొగులయ్య కళాజీవితానికి రెండు భాగాలున్నాయి. మొదటిది దశాబ్దాల పాటు పల్లెల్లో, సంతల్లో, జాతరల్లో పాడిన కథాగానం. దానిలో ఎక్కువ భాగం ఏ యంత్రంలోనూ నమోదు కాలేదు. రెండోది 2021 తర్వాత వచ్చిన సినిమా పాట, టెలివిజన్, యూట్యూబ్ కాలం. పేరు రెండోదాని వల్ల వచ్చింది. కానీ ఆ పేరుకు తగిన బలమంతా మొదటి భాగంలోనే ఉంది. కాబట్టి మొగులయ్య రికార్డింగుల గురించి చెప్పాలంటే రికార్డింగుకు ముందున్న పాట దగ్గరే మొదలుపెట్టాలి.

ప్రాంతం, సామాజిక నేపథ్యం

శ్రీశైలం నుంచి నందికొండ వరకు కృష్ణానదికి ఇరువైపులా నల్లమల అడవి పరుచుకొని ఉంటుంది. నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టారు. నదికి ఎడమ గట్టున అమ్రాబాద్, అచ్చంపేట, లింగాల ప్రాంతాలున్నాయి. అడవిలో చెంచు పెంటలు, అంచున లంబాడీ తండాలు, మైదానంలో మెట్ట పంటల పల్లెలు ఉంటాయి. వాన తక్కువ, వలస ఎక్కువ. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు తవ్విన చరిత్ర ఈ జిల్లాది. ఇలాంటి చోట పాట ఒక కాలక్షేపంగా మాత్రమే మిగల్లేదు. ఊరి చరిత్రను, కుల పురాణాన్ని, అన్యాయాన్ని ఎదిరించినవాళ్ళ పేర్లను మోసుకొచ్చింది పాటే.

మొగులయ్య డక్కలి సముదాయానికి చెందినవారు. డక్కలివారు మాదిగలకు ఆశ్రిత కులం. తెలంగాణలో ప్రతి పెద్ద కులానికీ దాని పుట్టుపూర్వోత్తరాలు పాడే ఆశ్రిత కళాకారులు ఉన్నారు. మాదిగలకు చిందువారు, డక్కలివారు అలాంటివాళ్ళు. డక్కలివారు మాదిగ వాడలకు వెళ్ళి జాంబపురాణం చెబుతారు. సృష్టికి ముందే పుట్టిన ఆది జాంబవుడి వంశం తమదని మాదిగలు గుండె నిండా చెప్పుకోవడానికి ఆ కథ ఆధారం. కథ చెప్పినందుకు ధాన్యమో డబ్బో అడిగి తీసుకునే మిరాశి హక్కు డక్కలివారికి ఉండేది. ఊళ్ళు కుటుంబాల వారీగా పంచుకొని ఉండేవి. ఆ ఊళ్ళే వాళ్ళకు పొలం, ఆ పాటే వాళ్ళకు సాగు.

అంటరానితనంలో అట్టడుగున నెట్టేసిన సముదాయమిది. ఊరి బయట కూడా బయటే ఉండవలసి వచ్చిన మనుషులు ఒక పురాణాన్నీ, ఒక అరుదైన వాద్యాన్నీ, దాన్ని తయారు చేసే పనితనాన్నీ తరతరాలు కాపాడారు. చదువుకు, భూమికి, గుడికి దూరంగా పెట్టినవాళ్ళు ఈ పని చేశారని గుర్తుంచుకుంటేనే మొగులయ్య కళ విలువ పూర్తిగా అర్థమవుతుంది.

కిన్నెర

కిన్నెర చాలా పాత తీగ వాద్యం. 13వ శతాబ్దపు శార్‌ఙ్గదేవుడి సంగీతరత్నాకరం కిన్నరీ వీణను, అందులోని చిన్నా పెద్దా రకాలను వర్ణిస్తుంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. కిన్నెర వాయిస్తూ శివుణ్ణి కొలవడం వల్లనే ఆయనకు ఆ పేరు. శాస్త్ర గ్రంథంలోనూ భక్తి కావ్యంలోనూ చోటు దొరికిన వాద్యం కాలక్రమంలో కచేరీ వేదికల నుంచి తప్పుకుంది. వీణ ఆ స్థానంలో నిలిచింది. కిన్నెర మాత్రం డక్కలివారి భుజం మీద బతికింది.

దాని నిర్మాణం చూడడానికి సాదాగా ఉంటుంది, చేయడం మాత్రం సులువు కాదు. పొడవాటి వెదురు బొంగు ఒకటి. దానికి కింద ఎండబెట్టి లోపలి గుజ్జు తీసేసిన సొరకాయ బుర్రలు. నాదాన్ని పెంచేవి ఆ బుర్రలే. బొంగు మీద వరుసగా మెట్లు నిలబెట్టి మైనంతో బిగిస్తారు. మెట్టు ఎక్కడ కూర్చోవాలో కొలబద్ద చెప్పదు, చెవి చెబుతుంది. మెట్టు కాస్త జరిగితే స్వరం తప్పుతుంది. మైనం కాబట్టి వేడికి కరుగుతుంది, చలికి బిగుసుకుంటుంది; వాయించేవాడే మళ్ళీ మళ్ళీ సరిచేసుకోవాలి. మెట్ల మీదుగా సాగే తీగ పాటను పలికిస్తుంది, పక్క తీగ శ్రుతిని నిలబెడుతుంది. అలంకారంగా నెమలి ఈకలు కడతారు.

మెట్ల సంఖ్యను బట్టి కిన్నెరకు పేరు. ఏడు మెట్ల కిన్నెర కొంతమంది దగ్గర ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర అరుదు. ఒక స్థాయిలో ఉండే స్వరస్థానాలు పన్నెండే కావడం ఇక్కడ గమనించవలసిన సంగతి. మెట్లు పెరిగిన కొద్దీ కథలో వచ్చే రకరకాల వరుసలను అదే వాద్యం మీద పలికించే వీలు పెరుగుతుంది. మొగులయ్య వాయించేది ఈ పన్నెండు మెట్ల కిన్నెరే. ఈ వాద్యం తెలిసిన చివరి తరం కళాకారుడిగా పత్రికలు ఆయనను పరిచయం చేశాయి. ఆయనకు ఈ విద్య కుటుంబంలో తరతరాలుగా వచ్చింది. బడిలో కాదు, పెద్దవాళ్ళ వెంట ఊళ్ళు తిరుగుతూ నేర్చుకున్నది.

కథలు, పాడే తీరు

మొగులయ్య పాడే వాటిలో అందరికీ బాగా తెలిసినది పండుగ సాయన్న కథ. సాయన్న 19వ శతాబ్దపు పాలమూరు వీరుడు. దొరల, ధనికుల సొత్తు కొల్లగొట్టి బీదలకు పంచాడనీ, నైజాం సర్కారు ఆయనను పట్టి చంపించిందనీ కథ చెబుతుంది. సర్కారు దస్తరాల్లో సాయన్న దొంగ. పాలమూరు పల్లెల పాటలో ఆయన కొడుకు, అన్న, దేవుడు. మియాసాబ్ కథ కూడా ఆయన పాడే వాటిలో ముఖ్యమైనది. ఒక ముస్లిం వీరుడి కథను దళిత గాయకుడు అన్ని కులాల మధ్య కూర్చొని పాడడం ఈ ప్రాంతపు ఉమ్మడి బతుకుకు నిదర్శనం.

ఈ కథలకు రాతప్రతి లేదు. గాయకుడికి కథ నడక, పాత్రల పేర్లు, వరుసలు, కొన్ని స్థిరమైన పాదాలు గుర్తుంటాయి. మిగతాది అక్కడికక్కడ అల్లుకుంటాడు. వినేవాళ్ళు ఏ ఊరివాళ్ళు, రాత్రి ఎంత పొద్దుపోయింది, వాళ్ళకు దుఃఖం కావాలా శౌర్యం కావాలా అన్నదాన్ని బట్టి కథ సాగుతుంది, కుదించుకుంటుంది. వీరుడి కథ చాలాసార్లు వంశంతో మొదలవుతుంది. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు, ఏ గడ్డ మీద పుట్టాడు అని వరుసగా చెప్పుకొచ్చాకే వీరుడు కథలో అడుగుపెడతాడు. ఈ పద్ధతి పక్కాగా తెలిసిన గొంతు కనుకనే సినిమా పాటలో మొగులయ్య పలుకు అంత సహజంగా అమరింది.

ఆయన పాడేటప్పుడు కిన్నెర వెనక ఉండి తోడు వచ్చే వాద్యంలా ఉండదు. గొంతు ఒక పాదం ముగించి ఊపిరి తీసుకునే చోట కిన్నెర అదే పాదాన్ని మళ్ళీ పలుకుతుంది. వింటున్నవాళ్ళకు చరణం రెండుసార్లు చేరుతుంది, ఒకసారి మాటగా, ఒకసారి నాదంగా. కథ దుఃఖానికి వచ్చినప్పుడు గొంతు ఆగిపోయి కిన్నెర ఒక్కటే నడుస్తుంది. మైకు లేని రోజుల్లో, ఊరి నడుమ కూర్చున్న జనాన్ని పొద్దుపోయేదాకా కదలనివ్వని పనితనం ఇది.

గుర్తింపు దిశగా

మిరాశి వ్యవస్థ సడలిపోయాక, టెలివిజన్ ఊళ్ళకు వచ్చాక, కథ చెప్పించుకునే ఇళ్ళు తగ్గిపోయాయి. కిన్నెర పట్టుకొని ఊరూరా తిరిగి అడుక్కోవలసిన స్థితికి చాలా కుటుంబాలు చేరాయి. పిల్లలు ఆ పని వద్దనుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. పాటతో పాటు అవమానం కూడా వారసత్వంగా వచ్చే చోట, పాటను వదులుకోవడం కూడా ఒక విముక్తే అనిపిస్తుంది.

ఇలాంటి కాలంలో కొందరు పరిశోధకులు ఈ కళాకారుల గుమ్మాలు వెతుక్కుంటూ వెళ్ళారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ గిరిజన, జానపద వాద్యాలను సేకరించి, వాటిని వాయించే మనుషులను పట్టణ వేదికల మీదికి తీసుకొచ్చారు. వాళ్ళు పెట్టిన వాద్యాల ప్రదర్శన చాలామందికి ఇలాంటి వాద్యాలను మొదటిసారి చూపించింది. డక్కలి జాంబపురాణాన్ని గ్రంథస్థం చేయడంలోనూ జయధీర్ తిరుమలరావు కృషి ఉంది.

రాష్ట్రం ఏర్పడ్డాక 2015లో ఉగాది పురస్కారం వచ్చింది. తెలంగాణ 8వ తరగతి సాంఘిక శాస్త్ర పాఠ్యపుస్తకంలో మొగులయ్య గురించి చేర్చారు. ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను మంజూరు చేసింది. అంటే సినిమా పాట రాకముందే ఆయన గురించి బడి పిల్లలు చదువుతున్నారు. కానీ పుస్తకంలో బొమ్మ చూసిన పిల్లలకు ఆ వాద్యం ఎలా మోగుతుందో వినిపించే ఏర్పాటు మాత్రం పెద్దగా లేదు.

‘భీమ్లా నాయక్’ పాట

మలయాళ చిత్రం ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’ (2020) ఆధారంగా సాగర్ కె. చంద్ర దర్శకత్వంలో ‘భీమ్లా నాయక్’ తయారైంది. పవన్ కల్యాణ్, రానా దగ్గుబాటి ప్రధాన పాత్రలు. త్రివిక్రమ్ శ్రీనివాస్ స్క్రీన్‌ప్లే, సంభాషణలు రాశారు. సంగీతం తమన్‌ది. కథానాయకుడి పేరుతో సాగే పాటను 2021 సెప్టెంబరు 2న, పవన్ కల్యాణ్ పుట్టినరోజున, ఆదిత్య మ్యూజిక్ విడుదల చేసింది. రచన రామజోగయ్య శాస్త్రి. తమన్, శ్రీకృష్ణ, పృథ్వీచంద్ర, రామ్ మిరియాల పాడారు. పాటకు ఎత్తుగడ మొగులయ్యది.

ఆ ఎత్తుగడ చిన్నది. డప్పులు, గిటార్లు, కోరస్ మొదలుకాకముందే కిన్నెర తీగ మీద మొగులయ్య గొంతు లేస్తుంది. నల్లమల గడ్డ మీద వీరుణ్ణి పరిచయం చేసే పద్ధతిలో తాతతండ్రులను తలుచుకుంటూ కథానాయకుడి పేరు దగ్గరకు వస్తుంది. స్టూడియోలో రికార్డు చేసినా ఆ పలుకును నునుపు చేయలేదు. పాలమూరు యాస, పై స్థాయిలో కాస్త గరుకుగా మారే గొంతు, తీగ మీది చప్పుడు అలాగే ఉంచారు. అందుకే తర్వాత వచ్చే హోరంతా ఆ గొంతుకు జవాబులా వినిపిస్తుంది. వీడియోలో కూడా కిన్నెర పట్టుకున్న మొగులయ్యే మొదట కనబడతారు. పేరు, ముఖం, గొంతు మూడూ ఒకేసారి ప్రేక్షకులకు చేరడం జానపద గాయకుల విషయంలో తరచుగా జరగదు.

పాట వచ్చిన రెండు రోజుల్లోనే పవన్ కల్యాణ్ 2 లక్షల రూపాయల ఆర్థిక సహాయం ప్రకటించారు. టెలివిజన్ ఛానళ్ళు, యూట్యూబ్ ఛానళ్ళు అవుసలికుంట దారి పట్టాయి. సినిమా 2022 ఫిబ్రవరి 25న విడుదలైంది.

తర్వాతి రికార్డింగులు

2021 చివర్లో ఆర్టీసీ బస్సు మీద మొగులయ్య పాడిన పాట సామాజిక మాధ్యమాల్లో బాగా తిరిగింది. సంస్థ అప్పటి మేనేజింగ్ డైరెక్టర్ వి.సి. సజ్జనార్ దాన్ని పంచుకొని ఆయనను అభినందించారు. బస్సు మీద అప్పటికప్పుడు కట్టినట్టుండే ఆ పాట చూస్తే ఆయన అసలు సామర్థ్యం తెలుస్తుంది. పాత కథ అప్పజెప్పడమే కాదు, ఎదుట ఉన్న విషయాన్ని పట్టుకొని కిన్నెర వరుసలో పెట్టగలరు. ప్రభుత్వ కార్యక్రమాల్లో, సభల్లో ఆయన పాడినవీ, ఇంటర్వ్యూల మధ్య పాడి వినిపించిన చిన్న చిన్న తునకలూ యూట్యూబ్‌లో దొరుకుతాయి.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. చాలావరకు కొద్ది నిమిషాలవే. ఛానల్ వాళ్ళు అడిగితే పండుగ సాయన్న కథలోంచి ఒక ముక్క, మధ్యలో ప్రశ్న, మళ్ళీ సినిమా పాట ఎత్తుగడ. గంటల తరబడి సాగే కథను పూర్తిగా, వినేవాళ్ళ స్పందనతో సహా, మంచి మైకు పెట్టి రికార్డు చేయడం వేరే పని. అది ఒక వీడియో వ్యాపారానికి గిట్టుబాటయ్యే పని కాదు. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, ఆకాశవాణి లాంటి సంస్థలే చేయాలి.

పద్మశ్రీ, ఆ తర్వాత

2022 జనవరి 25న ప్రకటించిన పద్మశ్రీ పురస్కారాల్లో కళారంగంలో మొగులయ్య పేరు వచ్చింది. మార్చిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆయన పురస్కారం అందుకున్నారు. అదే ఏడాది మణుగూరు ప్రాంతపు కోయ డోలి గాయకుడు సకిని రామచంద్రయ్యకు కూడా పద్మశ్రీ దక్కింది. ఆయన సమ్మక్క సారలమ్మల కథను డోలి మీద పాడేవారు. రాతకు ఎక్కని కథలను గొంతులో దాచుకున్న ఇద్దరు తెలంగాణ గాయకులు ఒకే జాబితాలో చేరారు. జనవరి చివరి వారంలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు మొగులయ్యకు కోటి రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించారు.

2024 మేలో వార్తాపత్రికలు, ఛానళ్ళు మరో దృశ్యం చూపించాయి. హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో మొగులయ్య భవన నిర్మాణంలో కూలీపని చేస్తూ కనిపించారు. వచ్చిన డబ్బు కుటుంబ అవసరాలకు ఖర్చయిందనీ, పింఛను ఆగిపోయిందనీ, స్థలం విషయం తేలలేదనీ ఆయన చెప్పారు. వార్త చూసి పలువురు సహాయానికి ముందుకొచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రభుత్వం పద్మశ్రీ పొందిన కళాకారులకు 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25 వేల పింఛను ప్రకటించి ఉంది.

ఒక వ్యక్తి కష్టంగా మాత్రమే చూస్తే ఈ సంగతి పూర్తిగా అర్థం కాదు. పాట ఎంతగా వినబడినా దాన్ని పాడిన జానపద గాయకుడికి నెలనెలా ఏదైనా వచ్చే ఏర్పాటు మన దగ్గర బలంగా లేదు. సినిమా పాటకు ఒక్కసారి ఇచ్చే పారితోషికంతో లెక్క ముగుస్తుంది. కథలకు కర్త పేరు ఉండదు కాబట్టి హక్కు ఎవరిదన్న ప్రశ్నే రాదు. సన్మానం ఒక్కరోజు జరుగుతుంది, బియ్యం రోజూ కావాలి. పింఛను, వేదిక, శిష్యులకు నేర్పితే వేతనం, ఈ మూడూ తప్పకుండా అందితేనే కళాకారుడు కిన్నెర పట్టుకొని ఉండగలడు.

ఆ నేల మీది తోటి గొంతులు

నల్లగొండ, పాలమూరు నుంచి పాట బయటి ప్రపంచానికి చేరిన దారుల్లో మొగులయ్యది ఒకటి. సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో గొల్ల సుద్దులు, బుర్రకథ వంటి రూపాలతో జనాన్ని కదిలించారు. పశువుల కాపరి పిల్లవాడి మీద ఆయన రాసిన పాట ‘మా భూమి’ (1980) సినిమాలో చేరి, రాసిన మూడు దశాబ్దాల తర్వాత కొత్త తరానికి అందింది. ఆయన కుమారుడు సుద్దాల అశోక్ తేజ ‘ఠాగూర్’ (2003) పాటకు జాతీయ పురస్కారం పొందారు. భువనగిరిలో మిల్లు కార్మికురాలిగా పనిచేస్తూ తెలంగాణ పాటకు గొంతైన బెల్లి లలితను 1999 మేలో దారుణంగా హత్య చేశారు. ఆమె పాడిన సభలకు వచ్చిన జనమే ఆమెకు మిగిలిన పెద్ద రికార్డు.

మొగులయ్య జిల్లావాడే అయిన గోరటి వెంకన్నది తెలకపల్లి మండలం గౌరారం. పల్లె వృత్తులు కూలిపోవడం మీద ఆయన రాసిన పాట ‘కుబుసం’ (2002) సినిమా ద్వారా ఇంటింటికీ చేరింది. ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ ఏడాది డిసెంబరు 30న ప్రకటించారు. నెల తిరక్కుండానే మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఒకరిది రాసి పాడే పాట, మరొకరిది రాయకుండా పాడే కథ. ఒకే జిల్లాకు రెండు గౌరవాలూ దక్కడం కాకతాళీయమే అయినా, ఆ నేల పాటకు రెండు పాయలున్నాయని దేశం గుర్తించినట్టయింది. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ రావడంతో ఉమ్మడి పాలమూరు నుంచి సొరకాయ బుర్రల వాద్యానికి రెండోసారి గుర్తింపు దక్కింది.

స్థానం, చేయవలసిన పని

సినిమా సంగీతం జానపదాన్ని తీసుకోవడం కొత్త కాదు. వరుస తీసుకొని పల్లవి మార్చి, పాడినవాళ్ళ పేరు వదిలేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ‘భీమ్లా నాయక్’ పాట మొగులయ్య పేరును, గొంతును, వాద్యాన్ని కలిపి చూపించింది. ఇది అనుసరించదగిన పద్ధతి. కిన్నెర అంటే తెలియని తరం ఆ పేరును నేర్చుకుంది. పట్టణ యువకులు కొందరు వాద్యం గురించి అడిగి తెలుసుకునే స్థితి వచ్చింది.

అయితే మొగులయ్య కళకు కొలమానం ఆ ఎత్తుగడ కాదు. పండుగ సాయన్న కథ మొదటి నుంచి చివరిదాకా, మియాసాబ్ కథ మొదటి నుంచి చివరిదాకా, డక్కలివారి జాంబపురాణం కిన్నెరతో సహా రికార్డు కావాలి. మెట్లు నిలబెట్టే పద్ధతి, బుర్ర ఎంచుకునే పద్ధతి, మైనం కాచే పద్ధతి వీడియోగా నమోదు కావాలి. ప్రతి రికార్డు మీద గాయకుడి పేరు, ఊరు, సముదాయం ఉండాలి. వచ్చే ఆదాయంలో ఆయన కుటుంబానికి వాటా ఉండాలి. పన్నెండు మెట్ల మీద వేళ్ళు నడిపించగల కొత్త చేతులు కనీసం కొన్ని తయారు కావాలి. నేర్పగలిగినవాళ్ళు ఉన్నప్పుడే ఇవన్నీ చేయగలం. అందుకు డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఒక సంస్థ పట్టుదలగా పూనుకుంటే చాలు.